ఆట ఫ్రీ... బిల్లు ఎవరికి?
వందల కోట్లు మింగుతున్న వీడియో గేములు - ఆ ఖర్చు చివరికి ఎవరి జేబు నుంచి వస్తోంది?

వీడియో గేమ్ అంటే పిల్లల ఆట అనుకునే రోజులు పోయాయి. డ్యూటీ బస్సు దిగి, స్నానం చేసి, మెస్‌లో ఇంత తిని వచ్చాక మన క్యాంపుల్లో ఏ గది తలుపు తీసినా ఇదే కనబడుతుంది. కింద బంకు మీద ఒకరు ఇంటికి వీడియో కాల్ చేస్తుంటారు. పై బంకు మీద ఇంకొకరు ఫోను అడ్డంగా పట్టుకుని తుపాకుల ఆటలో మునిగి ఉంటారు. మూలన నలుగురు లూడో ఆడుతుంటారు. తప్పేం లేదు. పన్నెండు గంటలు ఎండలో పని చేసి వచ్చిన మనిషికి అరగంట వినోదం ఉండాల్సిందే. సినిమాకు పోవాలంటే టాక్సీ ఖర్చు, టికెట్ ఖర్చు. ఫోన్‌లో ఆటకు ఆ బాధ లేదు. "ఫ్రీనే గదా అన్నా, పైసలేం పోతయ్" అంటారు మనవాళ్లు.

నిజంగా ఫ్రీ అయితే ఆ ఆట తయారు చేసినవాళ్లకు జీతం ఎవరిచ్చారు? మేము ఆఫీసుల్లో టైమ్‌షీట్లు, జీతాల లెక్కలు రాసుకునే గుమస్తాలం. ఏ పనికైనా ముందు "దీని ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?" అని అడగడం మాకు అలవాటు. ఈ ఆటల విషయంలోనూ అదే ప్రశ్న వేసుకుని చూశాం. తేలిన సంగతులు చదివితే మీరూ ముక్కున వేలేసుకుంటారు.

మన సినిమాలే నయం

ముందు ఖర్చు ఎంతో చూద్దాం. మన తెలుగులో ఖరీదైన సినిమా అంటే అందరికీ గుర్తొచ్చే వాటిలో 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' ఒకటి. దానికి రూ.550 కోట్ల దాకా ఖర్చయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అబ్బో అనుకున్నాం.

ఇప్పుడు ఇది వినండి. 2023లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ కంపెనీ యాక్టివిజన్ అనే గేముల కంపెనీని కొనబోతే అక్కడి ప్రభుత్వ సంస్థ కోర్టుకెక్కింది. ఆ కేసులో సోనీ కంపెనీ కొన్ని కాగితాలు ఇచ్చింది. రహస్యంగా ఉంచాల్సిన అంకెలను నల్ల మార్కర్‌తో కొట్టేశారు. అయితే ఆ కాగితాలను స్కాన్ చేసి బయట పెట్టేసరికి నలుపు కింద అంకెలు తెల్లగా కనిపించాయి! అలా లోకానికి తెలిసిందేమంటే - 2020లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' అనే ఒక్క ఆట తయారీకి 22 కోట్ల డాలర్లు అయింది. 2022లో వచ్చిన 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్'కు 21 కోట్ల డాలర్ల పైన అయింది. 22 కోట్ల డాలర్లంటే మన దిర్హమ్‌లలో 80 కోట్లు. దిర్హమ్‌కు 23 రూపాయలు వేసుకున్నా రూ.1,800 కోట్లు దాటుతుంది. అంటే 'ఆర్ఆర్ఆర్' లాంటి సినిమాలు మూడు తీయవచ్చు.

దాన్ని కూడా తలదన్నేది ఇంకొకటి ఉంది. 'కాల్ ఆఫ్ డ్యూటీ' తుపాకుల ఆట పేరు వినని కుర్రాడు ఉండడు. ఆ వరుసలో 2020లో వచ్చిన 'బ్లాక్ ఆప్స్ కోల్డ్ వార్' అనే ఆటకు, విడుదలయ్యాక చేసిన మార్పులు చేర్పులతో కలిపి 70 కోట్ల డాలర్లకు పైగా అయిందని ఆ కంపెనీ మనిషే మరో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. ఈ సంగతి 2024 డిసెంబరు తర్వాత బయటికొచ్చింది. 70 కోట్ల డాలర్లంటే దాదాపు 257 కోట్ల దిర్హమ్‌లు. రూపాయల్లో ఆరు వేల కోట్లకు దగ్గర!

పాముల ఆట ఒక్కడే చేశాడు

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. మనలో నలభై దాటినవాళ్లు గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో చేతిలో ఉన్నది నోకియా ఫోను. అందులో పాముల ఆట గుర్తుందా? గింజ తినేకొద్దీ పాము పొడుగవుతుంది, గోడకు తగిలితే చస్తుంది. 1997లో నోకియా 6110 ఫోన్‌లో ఆ ఆటను పెట్టింది తనేలి అర్మాంటో అనే ఫిన్లాండ్ ఇంజనీరు ఒక్కడు. పైనుంచి ఇటుకలు పడే 'టెట్రిస్' ఆటను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన ఆఫీసు కంప్యూటర్ మీద తయారు చేశాడు. మన ఊళ్లలో బస్టాండు పక్కన వీడియో గేమ్ షాపుల్లో గంటకింత ఇచ్చి మేము ఆడిన మారియో, కాంట్రా లాంటివి కూడా కొద్దిమంది కూర్చుని చేసినవే.

బొమ్మ చుక్కల్లా ఉన్నంతకాలం ఖర్చు తక్కువ. బొమ్మ నిజం మనిషిలా కనిపించాలనే పోటీ మొదలయ్యాక ఖర్చు పెరిగింది. పాత ఆటలో ఇల్లు అంటే నాలుగు గీతలు. ఇప్పటి ఆటలో ఇల్లంటే గోడకు పెచ్చులూడిన చోటు కనబడాలి, కిటికీ అద్దం మీద దుమ్ము కనబడాలి, వాన పడితే నేల తడవాలి, ఎండకు నీడ మారాలి. మనిషి నడిస్తే గుడ్డ ముడతలు కదలాలి. వీటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. నటులకు ఒంటినిండా గుర్తులు అతికించి నడిపించి, పరిగెత్తించి ఆ కదలికలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. డైలాగులు చెప్పేవాళ్లు, సంగీతం వాయించేవాళ్లు, పది పన్నెండు భాషల్లోకి మార్చేవాళ్లు వేరే. అన్నీ అయ్యాక ఎక్కడ తప్పుందో వెతకడానికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడి చూసేవాళ్లు మరికొందరు.

టైమ్‌షీట్ లెక్క

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బిల్డింగు కట్టాలంటే సిమెంటు, ఇనుము, గాజు కొనాలి. గేము తయారీలో అలాంటి సామాను దాదాపు లేదు. ఖర్చులో అత్యధిక భాగం జీతాలే. అంటే మాకు బాగా తెలిసిన లెక్క - ఎంతమంది, ఎన్ని నెలలు.

అమెరికాలో ఒక మనిషికి జీతం, ఆఫీసు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నెలకు పదివేల డాలర్లు అని గేముల కంపెనీలు చాలాకాలం లెక్క వేసుకునేవి. ఇప్పుడు లాస్ ఏంజెలిస్ లాంటి నగరాల్లో అది 15 వేల నుంచి 20 వేలకు చేరిందని ఆ రంగం గురించి రాసే విలేకరులు చెబుతున్నారు. తక్కువలో తక్కువ 15 వేలే వేసుకుందాం. రెండు వందల మంది ఐదేళ్లు పని చేస్తే 12 వేల మనిషి-నెలలు. పదిహేను వేలతో గుణించండి. 18 కోట్ల డాలర్లు! కోర్టు కాగితాల్లో బయటపడ్డ అంకెలకు దగ్గరకొచ్చేశాం చూశారా? 'హొరైజన్' ఆటకు పట్టింది ఐదేళ్లు, ఒక దశలో పనిచేసింది 300 మంది అని అవే కాగితాల్లో ఉంది.

ఆలస్యం అయ్యేకొద్దీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. 'జీటీఏ' అనే దొంగా పోలీసు ఆట ఐదో భాగం 2013లో వచ్చింది. ఆరో భాగం 2025లో వస్తుందన్నారు, 2026 మే అన్నారు, మళ్లీ 2026 నవంబరు 19 అని 2025 నవంబరులో ప్రకటించారు. పదమూడేళ్ల ఎడం!

ఇంత ఖర్చు పెట్టాక ఆట ఆడకపోతే? 2024 ఆగస్టు 23న సోనీ కంపెనీ 'కాంకార్డ్' అనే ఆటను విడుదల చేసింది. ఏళ్ల తరబడి చేసిన ఆట. జనం కొనలేదు. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 6న దాన్ని మూసేసి కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చేశారు. అక్టోబరు చివర్లో దాన్ని చేసిన స్టూడియోనే ఎత్తేశారు. మన దగ్గర సినిమా ఫ్లాపయితే కనీసం టీవీలో వేసుకుంటారు. ఇక్కడ అదీ లేదు.

మరి ఈ భారం ఎవరు మోస్తున్నారు? మా లెక్కలో ముగ్గురు. కొనేవాడు, చేసేవాడు, ఫ్రీగా ఆడేవాడు. ఒక్కొక్కరినే చూద్దాం.

కొనేవాడి వంతు

టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి వాటి పెద్ద ఆటలకు 2005 నుంచి అమెరికాలో ధర 60 డాలర్లు. పదిహేనేళ్లు అక్కడే ఉంది. 2020లో 70 అయింది. 2025లో నింటెండో కంపెనీ కొత్త 'మారియో కార్ట్' ఆటకు 80 డాలర్లు పెట్టింది. 80 డాలర్లంటే 294 దిర్హమ్‌లు. మన క్యాంపులో చాలామందికి నెల మెస్ ఖర్చు అంతే.

అయినా కంపెనీల గోల వేరే. ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది, ధర మాత్రం పదీ ఇరవై డాలర్లే పెరిగింది అంటారు. ఇంకా పెంచితే కొనేవాళ్లు తగ్గుతారని భయం. కాబట్టి ఒకసారి అమ్మి ఊరుకోకుండా, కొన్నవాడి దగ్గరే మళ్లీ మళ్లీ వసూలు చేసే దారి పట్టారు. కొత్త చొక్కా, కొత్త తుపాకీ రంగు, కొత్త ఆటగాడు - ప్రతిదానికీ రేటు. ఇల్లు అద్దెకిచ్చి తలుపుకూ కిటికీకీ విడిగా అద్దె అడిగినట్టు.

చేసేవాడి వంతు

ఏసీ గదుల్లో కూర్చుని గేములు చేసేవాళ్లది రాజా బతుకు అనుకుంటాం. వాళ్ల కథ వింటే మన కథలాగే ఉంటుంది.

విడుదల తేదీ దగ్గర పడితే అక్కడ కూడా ఓటీ తప్పదు. 2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' ఆఖరి రోజుల్లో వారానికి వంద గంటలు పని చేశామని ఆ కంపెనీ పెద్దల్లో ఒకరే గొప్పగా చెప్పబోయి విమర్శల పాలయ్యాడు. పోలండ్ కంపెనీ చేసిన 'సైబర్‌పంక్ 2077' సంగతీ అంతే. బలవంతపు ఓటీ ఉండదని మాటిచ్చి, 2020లో విడుదలకు ముందు వారానికి ఆరు రోజుల పని పెట్టారు. అంత చేసినా తప్పులతో వచ్చిన ఆ ఆటను సోనీ తన దుకాణం నుంచి నెలల తరబడి తీసేసింది.

ప్రాజెక్టు అయిపోతే మనుషులను తీసేయడం మనకు కొత్త కాదు. సైటు హ్యాండోవర్ అయ్యిందంటే మన గుండెల్లో రాయి పడుతుంది. వాళ్లకూ అంతే. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1,900 మందిని తీసేసింది. ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తీసేసింది. ఆట బాగా ఆడినా గ్యారంటీ లేదు. 'హై-ఫై రష్' అనే ఆటను అందరూ మెచ్చుకున్నారు. దాన్ని చేసిన జపాన్ స్టూడియోను 2024 మేలో మైక్రోసాఫ్ట్ మూసేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత ఒక కొరియా కంపెనీ దాన్ని చేరదీసింది కాబట్టి సరిపోయింది.

ఈ సంగతి మనకెందుకంటే, ఆ పని మన పిల్లల దాకా వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి పెద్ద కంపెనీలు బొమ్మల పని, పరీక్షించే పని భారత్‌కు పంపుతున్నాయి. బెంగళూరులో 1997లో పుట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ అనే స్టూడియోను 2019లో 'జీటీఏ' చేసే రాక్‌స్టార్ కంపెనీ కొనుక్కుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీకి ఆఫీసు ఉంది. ఇది చూసి గేమింగ్ కోర్సులు, యానిమేషన్ కోర్సులు అంటూ లక్షలు ఫీజు అడిగే సంస్థలు చాలా పుట్టాయి. "అన్నా, కొడుకును ఆ కోర్సులో వేయమంటవా?" అని మమ్మల్ని అడిగేవాళ్లు ఉన్నారు. వద్దని మేము అనం. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో టెక్నికలర్ కంపెనీ ఉన్నట్టుండి మూతపడి వేలమంది రోడ్డున పడ్డ సంగతి మాత్రం గుర్తుంచుకోమంటున్నాం. ఫీజు కట్టేముందు ఆ సంస్థలో చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారో నలుగురిని అడగండి. అప్పు తెచ్చి మాత్రం కట్టకండి.

ఫ్రీగా ఆడేవాడి వంతు

ఇక అసలు సంగతికి వద్దాం. మన ఫోన్లలో ఉన్నవన్నీ దాదాపు ఫ్రీ ఆటలే. ఇవి నడిచే పద్ధతి వేరు. ఆడేవాళ్లలో ఎక్కువమంది పైసా కూడా కట్టరు. వాళ్లకు ప్రకటనలు చూపిస్తారు. కొద్దిమంది మాత్రం విపరీతంగా కడతారు. ఆ వ్యాపారంలో వాళ్లకు పెట్టిన ముద్దుపేరు 'తిమింగలాలు'! మిగతా లక్షలమంది ఆ తిమింగలాలకు తోడుగా ఆడే చేపపిల్లలు.

ఇలాంటి ఆటల్లో తయారీ కన్నా జనాన్ని పట్టుకొచ్చే ఖర్చే ఎక్కువ కావచ్చు. 2023లో వచ్చిన 'మోనోపలీ గో' ఫ్రీ ఆట. ప్రకటనలకూ, ఆడేవాళ్లను రప్పించడానికీ దాదాపు 50 కోట్ల డాలర్లు పెట్టామని కంపెనీవాళ్లే చెప్పారు. పది నెలల్లో 200 కోట్ల డాలర్ల రాబడి వచ్చిందనీ వాళ్లే చెప్పారు. ఫ్రీ ఆటకు ఇంత రాబడి ఎక్కడిది? బొట్టు బొట్టుగా వచ్చింది.

ఈ ఆట చేసిన స్కోప్లీ కంపెనీ మనకు ఎంతో దూరంలో లేదు. 2023లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధికి చెందిన సావీ గ్రూపు 490 కోట్ల డాలర్లకు దాన్ని కొంది. 2024 నుంచి రియాద్‌లో గేముల ప్రపంచ కప్ జరుగుతోంది. మొదటి ఏడాది బహుమతుల సొమ్మే ఆరు కోట్ల డాలర్లు. 2025 సెప్టెంబరులో ఆ సౌదీ నిధి మరికొందరితో కలిసి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీని 5,500 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం ప్రకటించింది. అవును, హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్న కంపెనీయే. చమురు తర్వాత ఏమిటి అని ఆలోచించే గల్ఫ్ దేశాలకు ఈ వ్యాపారం అంత ముద్దొచ్చిందంటే అందులో ఎంత డబ్బుందో అర్థం చేసుకోవచ్చు.

బొట్టు బొట్టుగా లాగే తీరు ఇలా ఉంటుంది.

మొదటిది, అసలు డబ్బు కనబడనీయరు. దిర్హమ్‌లు ఇచ్చి వజ్రాలు, నాణేలు కొనాలి. ఆ తర్వాత లెక్కంతా వజ్రాల్లోనే. నూటపది వజ్రాలు పోయాయంటే మనసుకు నొప్పి తెలియదు. నాలుగు దిర్హమ్‌లు పోయాయంటే తెలుస్తుంది. వస్తువు ధర 120 వజ్రాలు పెట్టి, కట్టను 100 వజ్రాలతో అమ్ముతారు. రెండు కట్టలు కొనక తప్పదు.

రెండోది, గడియారం. "ఈ ఆఫర్ ఇంకా 59 నిమిషాలే" అని ఎర్ర అంకెలు పరిగెడుతుంటాయి. రేపు ఇంకో ఆఫర్ వస్తుందని మాత్రం చెప్పరు.

మూడోది, లాటరీ పెట్టె. డబ్బు కట్టి పెట్టె తెరవాలి, లోపల ఏముందో ముందు తెలియదు. మన జాతరలో చీటీ తీసే ఆట లాంటిదే. ఇది జూదం కిందికే వస్తుందని బెల్జియం దేశం 2018లో తేల్చింది.

నాలుగోది, ఓడిపోయిన క్షణం. ఇంకొక్క అడుగులో గెలిచేవాడివి, మూడు దిర్హమ్‌లు ఇస్తే ఇంకో అవకాశం అంటుంది. పౌరుషం మీద దెబ్బ కొట్టి పైసలు రాబట్టడమన్న మాట.

ఇవి మా ఊహలు కావు. 'ఫోర్ట్‌నైట్' ఆట చేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ 2022 డిసెంబరులో రెండు కేసులు పెట్టింది. ఒక్క మీట పొరపాటున నొక్కినా కొనుగోలు అయిపోయేలా తెర అమర్చారని, పిల్లలు తల్లిదండ్రులకు తెలియకుండా కొనేలా చేశారని ఒక అభియోగం. ఆ ఒక్కదానికే ఆడేవాళ్లకు తిరిగి ఇవ్వడానికి 24.5 కోట్ల డాలర్లు కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. పిల్లల వివరాలు సేకరించిన కేసుతో కలిపితే మొత్తం 52 కోట్ల డాలర్లు. చైనా అయితే 2021లో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు వారానికి మూడు గంటలే ఆన్‌లైన్ ఆటలు ఆడాలని నియమం పెట్టింది.

ఒక తమ్ముడి లెక్క

మా క్యాంపులో షటరింగ్ కార్పెంటరుగా పనిచేసే జగిత్యాల వైపు తమ్ముడు ఒకతను నెలాఖరుకు ఎప్పుడూ చేబదులు అడుగుతుండేవాడు. తాగడు, సిగరెట్ లేదు. జీతం 1,100 దిర్హమ్‌లు, ఇంటికి పంపేది 700. మిగతాది ఏమవుతోందో అతనికే తెలియదు. ఒక రాత్రి ముగ్గురం కూర్చుని అతని ఫోన్‌లో ప్లే స్టోర్ చిట్టా తెరిచి కాగితం మీద రాశాం. నాలుగు నెలల్లో 61 సార్లు కొన్నాడు. మొత్తం 486 దిర్హమ్‌లు. రూపాయల్లో పదకొండు వేల పైమాటే. ముందుగా నీ అంచనా చెప్పు అంటే "వందో నూటయాభయ్యో" అన్నాడు. "ఒక్కసారి గూడ పది దాటలే గదన్నా" అని తలపట్టుకున్నాడు.

పది దాటలేదు కాబట్టే తెలియలేదు. డబ్బు బ్యాంకు కార్డు నుంచి కాదు, బఖాలాలో కొట్టించిన రీచార్జి బ్యాలెన్స్ నుంచి కోసుకున్నారు. బ్యాలెన్స్ అయిపోతే ఇంటికి ఎక్కువ మాట్లాడాననుకునేవాడు. ఊళ్లో భార్య మాత్రం కూతురు స్కూలు ఫీజుకు రెండో విడత ఎలా కట్టాలా అని చీటీ పాటకు పోయింది.

ఊళ్లలో ఇంకో తీరు. తండ్రి గల్ఫ్‌లో, తల్లి ఫోను పిల్లవాడి చేతిలో. ఆ ఫోన్‌లోనే యూపీఐ. పిన్ నంబరు పిల్లవాడికి తెలుసు, తల్లికి బ్యాంకు మెసేజి చదవడం రాదు. మనం పంపిన డబ్బు వజ్రాలుగా మారిపోతుంటే ఎవరికి తెలుస్తుంది?

పందెం పెట్టి ఆడే రమ్మీలాంటి యాప్‌ల సంగతి వేరే చెప్పాలి. అవి ఆట వేషం వేసిన జూదం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇక్కడ ఎమిరేట్స్‌లోనూ అనుమతి లేని జూదం నేరం. దొరికితే ఉద్యోగానికే ఎసరు. వాటి జోలికి పోకండి.

చిన్న ఆటలు, మంచి ఆటలు

ఇంతకీ ఆటలంటేనే చెడ్డవా? కానే కాదు. కోట్లు పోస్తేనే మంచి ఆట అవుతుందన్నదీ అబద్ధమే. 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే ఆటలో పాడుబడ్డ పొలాన్ని బాగు చేసుకుని, విత్తనాలు వేసి, కోళ్లను పెంచుకుంటూ బతకాలి. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తనే చేసుకుంటూ నాలుగేళ్లకు పైగా కష్టపడి 2016లో విడుదల చేశాడు. 2024 చివరికి నాలుగు కోట్ల పైన అమ్ముడుపోయింది. ఒకసారి కొంటే చాలు, లోపల మళ్లీ కొనాల్సిందేమీ లేదు. 2025లో ఫ్రాన్స్‌లో ముప్పై మంది ముఖ్య బృందంగా చేసిన 'ఎక్స్‌పెడిషన్ 33' ఆటకు కోటి డాలర్లు కూడా కాలేదట. ఆ ఏడాది ఉత్తమ గేముగా బహుమతి దానికే వచ్చింది. మనవాళ్లు ఆడే 'లూడో కింగ్' 2016లో ముంబై ప్రాంతంలోని గేమెటియన్ అనే చిన్న సంస్థ చేసింది. తాతల నాటి పచ్చీసును ఫోన్‌లోకి ఎక్కించి పది కోట్ల డౌన్‌లోడ్లు దాటించింది. మంచి ఆటకు కావలసింది మంచి ఆలోచన. అది ఈ మూడు ఆటల్లోనూ ఉంది.

జేబుకు తాళం ఇలా వేసుకోండి

1. ఈ రోజే ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో బడ్జెట్ అండ్ హిస్టరీ చూడండి. ఇంతవరకు కొన్నవన్నీ వరుసగా కనబడతాయి. మొత్తం కూడి కాగితం మీద రాసి బంకు దగ్గర అతికించుకోండి.

2. అక్కడే నెలకు ఇంత అని బడ్జెట్ పెట్టుకోవచ్చు. అది కొనకుండా ఆపదు, హద్దు దగ్గర పడితే హెచ్చరిస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ గానీ వేలిముద్ర గానీ అడిగేలా పెట్టుకుంటే చెయ్యి జారి నొక్కినా డబ్బు పోదు.

3. ఫోన్ బ్యాలెన్స్‌తో కొనే ఏర్పాటు అక్కర్లేకపోతే ప్లే స్టోర్ నుంచి తీసేయండి. తెలియకపోతే మీ సిమ్ కంపెనీ కౌంటర్‌లో అడగండి.

4. పొరపాటున కొంటే 48 గంటల్లోపు గూగుల్‌కు రీఫండ్ అడగవచ్చు. తప్పక ఇస్తారని కాదు, అడిగితే పోయేదేం లేదు.

5. ఇంట్లో పిల్లలకు యూపీఐ పిన్ చెప్పవద్దని భార్యకు ఈ వారమే చెప్పండి. పిన్ మార్పించండి. పిల్లవాడిని కొట్టడం, తిట్టడం వద్దు. అది కోట్లు ఖర్చు పెట్టి పన్నిన వల అని అర్థమయ్యేలా చెప్పండి.

6. ఫ్రీగా వజ్రాలు ఇస్తామని వాట్సాప్‌లో వచ్చే లింకులు నొక్కవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

7. డబ్బు పెట్టి ఆడాలనే అనుకుంటే ఒకేసారి కొనుక్కునే ఆటను చూసుకోండి. ధర ముందే తెలుస్తుంది, అక్కడితో సరి.

పైన చెప్పిన తమ్ముడు ఆట మానలేదు. నెలకు పది దిర్హమ్‌లు అని హద్దు పెట్టుకున్నాడు. మొదటి నెల దాటింది, రెండో నెల ఏడుతో ఆపాడు. కూతురు ఫీజు రెండో విడత కట్టేశాడు. మనం చెమటోడ్చి సంపాదించే దిర్హమ్ ఎక్కడికి పోతోందో మనకు తెలియాలి. తెలిసి పది ఖర్చు పెడితే అది వినోదం. తెలియకుండా పోతే దోపిడీ. మీ గదిలో ఇలాంటి లెక్క తేలితే మాకు రాయండి, పేరు వేయకుండా పది మందికీ చెబుతాం.